గంగాళంలో సముద్రం

1969, వానాకాలం, గురువారం. మొయినాబాద్ బడి. హాజరైనవారు: నేను, పెద్దసారు, లెక్కలసారు, తనిఖీకి వచ్చిన అధికారి, నీళ్లు పోసే అవ్వ, ఏడో తరగతి పిల్లలు.

ఆ రోజుల్లో ఒక విషయం చెప్పాలంటే దాన్ని చూసి ఉండాలన్న పట్టింపు నాకు లేదు. పత్రికలో చదివితే చూసినట్టే లెక్క. తెలంగాణ ఉద్యమంతో మూతబడ్డ బడిని అప్పుడే తెరిచారు. నా తాత్కాలిక ఉద్యోగం ఖాయం కావాలంటే అధికారి ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. గుజరాత్ వైపు సముద్రం అడుగున నూనె వెతుకుతున్నారని చదివి, అదే నా పాఠమన్నాను. అంత లోతుకు మన దేశం చేయి చాపగలిగితే గ్యాసునూనె, అదే కిరోసిన్, కోసం ఎవరూ వరుసలో నిలబడనక్కర్లేదని నా వాదన. లెక్కలసారుకు నచ్చలేదు. "మనకు సముద్రమే లేకపాయె. వచ్చేటాయన కోస్తా మనిషి. గాయనకే సముద్రం గురించి చెప్తవా తమ్మీ?" అన్నాడు.

నేను తగ్గలేదు. ముంత నిండా పల్లినూనె పోసి, మూతికి గుడ్డకట్టి, మట్టి మెత్తి, అవ్వ ఇచ్చిన గంగాళం అడుగున బురదలో పాతి, పైన నీళ్లు పోసి, మూత పెట్టాను. బొప్పాయి ఆకుకాడను గొట్టంలా ముంతలోకి దించితే నూనె పైకి ఎగబాకాలి. (ముందురోజు రెండుసార్లు పరీక్షించాను, వేళలతో సహా డైరీలో ఉంది.) పొద్దున రావలసిన అధికారి మధ్యాహ్నం వచ్చాడు. ఆలోపు మట్టి నానిపోయింది. "నూనె ఎక్కడో లోతున దాగి ఉంటుంది" అంటూ నేను గంగాళం మూత తీసేసరికి, అదంతా నీళ్లమీద తళతళలాడుతోంది. తలుపు దగ్గర నుంచి అవ్వ మెల్లగా అన్నది: "సారూ, నూనె దానంతటదే బయటికొచ్చె. ఇంక గొట్టమెందుకు?"

పిల్లల నవ్వు ఆగాక అధికారి అడిగాడు: "మాస్టారూ, మీరు సముద్రం చూశారా?"

"లేదు సార్. గండిపేట చెరువు చూసిన."

పెద్దసారు కళ్లు మూసుకున్నాడు. అధికారి గంగాళంలోకి చూసి, "నేను సముద్రం ఒడ్డునే పుట్టాను. దాని అడుగున నూనె ఉండొచ్చని నాకూ ఇవాళే తెలిసింది" అని, కాగితం మీద ఏదో రాసి పెద్దసారుకిచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున పెద్దసారు ఆ కాగితం నా చేతికిచ్చాడు. ఉద్యోగం ఖాయం, నమూనాలు మాత్రం చేయరాదు. ఆ సంతోషంలో బయటికొస్తే అవ్వ బావిలో నీళ్లు తోడుతున్నది. ఎన్నాళ్లనుంచో కీచుమనే గిరక ఆ పొద్దున చప్పుడే చేయలేదు. అడిగితే, "మీ సముద్రంల నూనె గరిటెతోని తీసి గిరకకు పెట్టిన" అన్నది. దేశానికి నేను వెలికితీసి ఇచ్చిన నూనె మొత్తం అదే. డైరీలో ఆ పేజీ అంచున నూనె మరక ఇంకా ఉన్నది. దాన్ని చూసినప్పుడల్లా, అప్పటి నన్ను, ఆ కుర్రసారును, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒకసారి సముద్రం చూపించాలనిపిస్తుంది.