పేరు చెప్పు, పని చెప్పు

వంతెన దిగుడు మొదట్లో ఉన్న సైకిలు షాపుకు బోర్డు లేదు. రేకు కప్పు కింద వేలాడే పాత టైరే దాని బోర్డు. అందులో పనిచేసేది ఇద్దరు ఆడవాళ్ళు, అత్తా కోడళ్ళు. అత్తను అందరూ పానమ్మ అంటారు. చేతిలో మరలు విప్పే పాన లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరట. కోడలు చిన్న పానమ్మ. నా సైకిలు వెనక చక్రం కొన్నాళ్ళుగా మూలుగుతోందని తీసుకెళ్ళి, గుమ్మం పక్కన చెక్కపెట్టె మీద కూర్చున్నాను. చక్రం విప్పుతూ చిన్న పానమ్మ తన సంగతులు చెప్పుకొచ్చింది. నేను అడిగింది తక్కువ. ఆమెకే చెప్పాలని ఉంది.

ఆమె అసలు కుట్టుపని మనిషి. పెళ్ళయి వస్తూ తన మిషను వెంట తెచ్చుకుంది. భర్త బస్సు కండక్టరు, తెల్లారకముందే వెళ్ళిపోతాడు. షాపు మామగారిది. ఆయన పోయాక అత్తగారు పాన పట్టింది. ముందు గది షాపు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక తెర. తెరకు అటు గ్రీజు వాసన, ఇటు కొత్త బట్ట వాసన. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకుండా ఏళ్ళు గడిపేశారు.

తర్వాత అత్తగారి కళ్ళకు పొరలు కమ్మాయి. ఆపరేషను చేయిస్తే ఒక కన్ను కాస్త తేరుకుంది, రెండోది తేరుకోలేదు. తిరిగే చక్రంలో వంకర ఎక్కడుందో ఆమెకు కనిపించడం మానేసింది. వచ్చిన సైకిళ్ళను ‘రేపు చూద్దాంలే’ అని పంపేయడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం కోడలు తెర తొలగించి చూస్తే, పానమ్మ నేల మీద కూర్చుని, జారిపోయిన బేరింగు గుండు కోసం గచ్చంతా అరచేత్తో తడుముకుంటోంది.

“నా ప్రాణం ఉసూరుమందండీ,” అంది చిన్న పానమ్మ. “షాపు మూస్తే పస్తులుంటామని కాదు. మా ఆయన జీతం ఉంది, నా కుట్టు ఉంది. ఆవిడ ఏమైపోతుందా అని. పొద్దున లేచి ఆ తలుపు తీయకపోతే ఆవిడ ఆవిడలా ఉండదు.”

ఆ సాయంత్రమే అడిగేసింది.

“అత్తయ్యా, నాకీ పని నేర్పండి.”

“ఏం నేర్పను? నీకు తొక్కడమే రాదు.”

“అదీ నేర్పండి.”

“బాగుంది. వంట నేర్పి ఇన్నేళ్ళయింది, పులుసు ఇంకా కుదర్లేదు. ఇప్పుడు సైకిలొకటి!”

అలా అంటూనే పానమ్మ మూలనున్న పాత సైకిలును ముందుకు లాగిందట.

మర్నాడు దాన్ని పూర్తిగా విప్పి, భాగాలన్నీ గోనెపట్టా మీద పరిచింది. ఒక పద్ధతి పెట్టింది. ఏది చేతిలోకి తీసుకున్నా ముందు దాని పేరు చెప్పాలి, తర్వాత అది చేసే పని చెప్పాలి. రెండూ చెప్పాకే పాన ముట్టుకోవాలి. చెప్పలేకపోతే నోరు మూసుకుని తీసినచోటే పెట్టేయాలి.

“పేరు చెప్పు.”

“చైను.”

“పని చెప్పు.”

“మిషనుకి బెల్టులాగా...”

“నీ మిషను గొడవ నాకొద్దు. సైకిలు సంగతి చెప్పు.”

“ముందు పళ్ళచక్రం తిరిగితే వెనక చక్రాన్ని తిప్పుతుంది.”

“ఊఁ. తర్వాతది తియ్యి.”

ఫ్రీవీలు దగ్గర కోడలికి నవ్వాగలేదట. తొక్కితే చక్రాన్ని పట్టుకుంటుంది, తొక్కడం మానేస్తే వదిలేస్తుంది, అప్పుడు కటకటమంటుంది అని అత్తగారు వివరిస్తుంటే, “అంటే కాళ్ళు ఊరుకున్నా నోరు ఊరుకోదన్నమాట” అంది. “ఎవరినే అంటున్నావు?” అని పానమ్మ గ్రీజు చేత్తోనే నెత్తిన ఒక్కటిచ్చింది. ఎడమ పెడలు మాత్రం ఏడిపించింది. అన్ని మరలూ ఒక వైపు బిగుస్తుంటే అదొక్కటే ఎదురు తిరుగుతుంది. బిగిస్తున్నాననుకుని కోడలు చెమటలు కక్కుతూ విప్పేస్తూ కూర్చుంది. తొక్కేకొద్దీ ఊడిపోకుండా దానికి ఆ ఎదురు మర పెట్టారని చెప్పి, “ఎదురు తిరిగేవన్నీ చెడ్డవి కావు” అని అత్తగారు ముసిముసిగా నవ్విందట.

అన్నిటికన్నా తొందరగా పట్టుబడింది ఇరుసు మీద బేరింగు గుండ్లను నొక్కిపట్టే కోను. అది మరీ బిగిస్తే చక్రం మూలుగుతుంది, వదులైతే అటూ ఇటూ ఊగుతుంది. “చొక్కాకి చంక కుట్టినట్టే కదండీ. పట్టేసినా తప్పే, వేలాడినా తప్పే. వేళ్ళకి ముందే తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది.” ఆ మాట విన్నప్పుడు మాత్రం పానమ్మ మిషను గొడవ వద్దనలేదు.

మామూలు రిపేర్లు కోడలి చేతికి వచ్చేశాయి. సందులో సైకిలు తొక్కడమూ వచ్చింది, గోడలకు రెండు మూడు గీతలు పడ్డాయి కానీ. వంతెన దిగుడు మాత్రం దిగలేదు. అక్కడికి వచ్చేసరికి దిగిపోయి సైకిలు వెనక్కి తిప్పేసేది.

అప్పుడే రొట్టెలాయన తన సైకిలు తెచ్చాడు. బేకరీ నుంచి ముందొక బుట్ట, వెనకొక బుట్ట వేసుకుని వంతెన అవతలి వీధులన్నీ తిరిగే మనిషి. పాలవాళ్ళు, పేపరువాళ్ళు ఆయన ఎక్కడ బాగుచేయిస్తే అక్కడికే వెళ్తారు. ఆయన రావడం మానేస్తే షాపు మూసుకోవాల్సిందేనని ఇద్దరికీ తెలుసు. అత్తగారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజది. కోడలు ఒక్కతే కూర్చుని సైకిలంతా తుడిచింది, కోన్లు సరిచేసింది. ఇంత మంచి గిరాకీకి ఇంకా ఏదైనా చేసి ఇవ్వాలనిపించింది. రోజూ పొద్దున తన మిషనుకు ఇనుము ఇనుమును రాసుకునే ప్రతి చోటా చుక్క నూనె వేయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటే చేయి పట్టుకుంది. చైనుకు వేసింది, ఇరుసుకు వేసింది. అక్కడితో ఆగక రిమ్ముల చుట్టూ కూడా నూనెగుడ్డతో చక్కగా పాలిషు పట్టింది. అద్దంలా మెరిశాయి. రొట్టెలాయన చూసి మురిసిపోయి తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. జుట్టు నిండా ఇసుక, ఒక మోచెయ్యి గీరుకుపోయింది.

“ఏమయ్యా, ఇసుకలో పడుకున్నావా?” అంది పానమ్మ.

“నువ్వే పడుకోబెట్టావమ్మా! దిగుడులో బ్రేకు నొక్కితే సైకిలు పాట పాడుకుంటూ పోయింది. అడుగున ఎవరో ఇసుక పోయించుకున్నారు కాబట్టి బతికాను. రొట్టెలన్నీ కుక్కలపాలు. నేనింకో షాపు చూసుకుంటాను, ఏమనుకోకు.”

పానమ్మ వంగి, ముందు రిమ్ము లోపలి అంచు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. అది తెర అవతలి కుట్టుమిషను నూనె వాసన. కోడలి వైపు తిరిగింది. కోడలు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇవాళ్టితో షాపూ పోయింది, అత్తయ్య పరువూ పోయిందని కళ్ళ నీళ్ళు తిరిగాయి.

“పేరు చెప్పు,” అంది అత్తగారు.

“రిమ్ము.”

“పని చెప్పు.”

“టైరుని పట్టుకుంటుంది.”

“అంతేనా?”

కోడలు బ్రేకు కడ్డీల వైపు చూసింది, చివర రబ్బర్ల వైపు చూసింది. అవి నొక్కుకునేది ఈ రిమ్ము మీదేనని అప్పుడు తట్టింది. తను నూనె పట్టించింది సరిగ్గా అక్కడే.

పానమ్మ రొట్టెలాయన వైపు తిరిగింది. “తప్పు నాది బాబూ. రిమ్ముకి రెండు పనులుంటాయి. మా కోడలు ఒకటి చెప్తే నేను సరేనన్నాను. ఇంకో తప్పూ ఉంది. ఈ షాపులో బాగుచేసినవాళ్ళే ముందు దిగుడు దిగి చూడాలి. మా ఆయన ఉన్నప్పటి నుంచీ అదే పద్ధతి. ఇది భయపడుతోందని నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కాసేపు కూర్చో. తర్వాత నీ ఇష్టం వచ్చిన షాపుకి పో.”

కోడలు సబ్బు నీళ్ళతో రిమ్ములు కడిగింది, గరుకు కాగితం పెట్టి రుద్దింది, మళ్ళీ కడిగింది, కొత్త రబ్బర్లు వేసింది. రొట్టెలాయన పెట్టె మీద కూర్చుని, మోచెయ్యి ఊదుకుంటూ అంతా చూశాడు. అయిపోయాక కోడలు ఆ సైకిలును దిగుడు మొదటికి తీసుకెళ్ళింది. వెనక చూస్తే అత్తగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని క్యారియర్ మీద ఎక్కుతోంది.

“అమ్మా, నీకెందుకమ్మా ఈ సాహసం!” అని రొట్టెలాయన లేచి పరుగెత్తుకొచ్చాడు.

“బరువు లేకుండా బ్రేకు ఏం తెలుస్తుంది? నీ బుట్టలు ఖాళీగా ఉన్నాయి. వాటి బదులు నేను.”

“అత్తయ్యా, దిగండి. నాకు భయంగా ఉంది.”

“నాకు కళ్ళే సరిగ్గా లేవు, భయమెక్కడ కనిపిస్తుంది? పోనీ.”

కదిలారు. ఫ్రీవీలు మొదట మెల్లగా, తర్వాత గబగబా కటకటమంది. గాలికి ఆమె చెవులు మూసుకుపోయాయి. వీపు మీద అత్తగారి అరచెయ్యి ఆనుకుని ఉంది. సగం దిగాక ఆ చెయ్యి మెల్లగా తట్టింది. “ఇప్పుడు.” ఆమె నొక్కింది. చక్రాలు గరగరమని పట్టుకున్నాయి. అత్తగారి నుదురు వచ్చి ఆమె వీపుకు తగిలింది. సైకిలు ఆగింది.

“పని చెప్పు,” అంది వెనక నుంచి గొంతు, ఏమీ జరగనట్టు.

“టైరుని పట్టుకుంటుంది. బ్రేకుకి పట్టునిస్తుంది.”

“ఊఁ. వెనక్కి తిప్పు.”

ఎక్కేటప్పుడు ఆమె వల్ల కాలేదు. పానమ్మ దిగనంది, ఎక్కుడు కూడా చూడాలంది. చివరికి రొట్టెలాయనే కిందికి వచ్చి, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ సైకిలుతో పాటు పానమ్మను కూడా పైదాకా తోశాడు. పైకి వచ్చాక తన సైకిలు తను తీసుకుని, “గురువారం చైను చూడాలి, వస్తాను చెల్లెమ్మా” అని ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట పానమ్మతో కాదు, కోడలితో అన్నాడు.

“ఆయన ఇప్పటికీ ఇక్కడికే వస్తాడండీ,” అంది చిన్న పానమ్మ, నా చక్రంలో గుండ్లకు కొత్త గ్రీజు పెడుతూ. “ఆ పొద్దున అత్తయ్య నన్ను ఒక్క మాట అనుంటే మళ్ళీ పాన ముట్టుకునేదాన్ని కాదు. మళ్ళీ నా చేతికే ఇచ్చింది. ఇచ్చి, నా వెనకే కూర్చుంది. ఎవరు కూర్చుంటారు అలా? మా అమ్మ అయినా కూర్చునేది కాదు. ఆ రుణం ఎలా తీరుతుంది నాకు?”

“ఎవరి గురించే ఆ భజన?” తెర అవతల నుంచి గొంతు వినిపించింది. “చేతిలో పని చూసుకో.”

“చూస్తున్నా అత్తయ్యా.”

చక్రం బిగించి, వేలితో తిప్పి చూసి, చిన్న పానమ్మ నా సైకిలును వీధిలోకి తీసుకెళ్ళింది. పానమ్మ తెర తొలగించుకుని, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు ఆమెకు వెలుతురు తప్ప ఏమీ తెలియదట. తల ఒక పక్కకు వంచి నిలబడింది. దిగుడులోంచి ఫ్రీవీలు చప్పుడు వినిపించింది, దూరమైంది, ఇంకా దూరమైంది, టక్కున ఆగిపోయింది.

“ఆగింది,” అంది పానమ్మ నాతో. “ఇంక భయం లేకుండా తీసుకెళ్ళండి.”