కాజాలక్క లెక్క

కాజాలక్కతో మాట పెట్టుకోవడమంటే తలనొప్పిని కోరి కొనితెచ్చుకోవడమే. దర్జీ కొట్టు గుమ్మం పక్కన పీట వేసుకుని, చొక్కాలకు గుండీలు పట్టే కన్నాలు కోసి, వాటి చుట్టూ దారం బిగించి కాజాలు కుట్టడం ఆవిడ పని. ఎన్నో ఏళ్ళుగా అదే పీట, అదే సూది, అదే నోరు. మిషన్ మీదైతే చిటికెలో అయిపోతుంది కదా అని ఎవరైనా అన్నారో, "అయితే మిషన్‌నే అడుగు, దారం ఊడినప్పుడు అదే మీ ఇంటికొచ్చి కుడుతుంది" అనేది. కొట్టు తనదే అయినా దర్జీ ఆవిడ ముందు గొంతు పెంచేవాడు కాదు.

పెళ్ళయి ఏడాది తిరక్కుండానే మొగుణ్ణి వదిలేసి వచ్చేసింది. ఎందుకొచ్చావని చుట్టాలు ఆరా తీస్తే "బస్సు దొరికింది, వచ్చేశా" అంది. అంతకు మించి ఒక్క ముక్క ఆవిడ నోట రప్పించినవాళ్ళు లేరు. అప్పటికే తల్లీ తండ్రీ పోయారు. ఇద్దరు తమ్ముళ్ళు మిగిలారు. వాళ్ళను తిట్టి, కొట్టి, తిండి పెట్టి పెంచింది. ఈ మూడింట్లో ఏది ఎక్కువ చేసిందన్న దాని మీద ఆ అన్నదమ్ములకు ఇప్పటికీ తగవే. పెద్దవాడు వెల్డింగు పనిలో కుదురుకున్నాడు. చిన్నవాడు పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెబుతూ అందరి చేతా మాస్టారనిపించుకున్నాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఇరుకింట్లో ఐదుగురూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ బతికేవారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మాస్టారికొక ఆట ఉండేది. "రెండూ రెండూ నాలుగు కాదని ఎవరైనా నిరూపించండి చూద్దాం. ఓడినవాళ్ళు అంట్లు తోమాలి" అనేవాడు. సరదాకే మొదలైంది. ఆ సరదా ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

"రెండు ఇనప ముక్కలకి ఇంకో రెండు అతికించా. ఎన్నయ్యాయి? ఒక్కటే" అనేవాడు పెద్దవాడు.

"అది అతకడం అన్నయ్యా, కూడిక కాదు."

"కూడిక అంటే కలపడమనేగా పిల్లలకి చెప్తావు?"

"పిల్లలకి చెప్తాను. నువ్వు పిల్లాడివా?"

రెండు గ్లాసుల నీళ్ళలో రెండు గ్లాసుల పంచదార పోస్తే నాలుగు గ్లాసులు కావని పెద్ద మరదలు వాదించేది. "గ్లాసులు లెక్కపెట్టు వదినా, నీళ్ళు కాదు" అని మాస్టారు కొట్టిపారేసేవాడు. ఒకసారి అతని పెళ్ళామే, "మీరు రెండు నిమిషాలని, మళ్ళీ రెండు నిమిషాలని అంటే నాకు గంటవుతోంది" అంది. అందరూ పడీ పడీ నవ్వారు, మాస్టారు తప్ప.

కాజాలక్కకు ఆ ఆటంటే ఒళ్ళుమంట. "నాలుగని ఎవరు చెప్పార్రా నీకు?" అనేది.

"అందరూ చెప్తారు."

"అందరూ చెప్తే అయిపోయిందా? అందరూ నన్ను తిరిగి మొగుడి దగ్గరికి పొమ్మన్నారు."

"అది లెక్క కాదక్కా."

"ఏది లెక్కో నువ్వే చెప్తావు, ఎవరు గెలిచారో నువ్వే చెప్తావు. ఇక మాకు నోళ్ళెందుకు?"

"ఓడిపోయావు. అంట్లు" అనేవాడు మాస్టారు. నలుగురూ ఓడినా గిన్నెలన్నీ ఆవిడ ముందుకే ఎలా జరిగేవో, ఆ లెక్క మాత్రం ఆయనగారు ఎన్నడూ వేసిన పాపాన పోలేదు.

ఒక ఆదివారం మాస్టారు మహా ఉషారుగా ఉన్నాడు. "వచ్చే వారం మారిపోతున్నాం. మూడు గదుల ఇల్లు, హాలు కూడా ఉంది. అన్నయ్యకొక గది, మాకొక గది, ట్యూషన్‌కొకటి. రెండు జంటలు, నలుగురం. రెండూ రెండూ నాలుగు. ఇప్పుడు కాదనండి" అని నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు. "మరి అక్కో?" అని పెద్దవాడు కంచంలోకి చూస్తూ అడిగాడు.

"దర్జీ కొట్టు పైన గది ఖాళీగా ఉంది. పనికి దగ్గర. నేను మాట్లాడేశాను, ఆయన సరేనన్నాడు."

కాజాలక్కకు కోపం వచ్చిందనుకుంటే పొరపాటు. కోపం రోజూ వచ్చేదే. ఆ రోజు వచ్చింది భయం. మాస్టారు గది అంటున్నది పాత పీలికలు కుక్కే అటక. కిటికీ లేదు, నిటారుగా నిలబడితే తల తగులుతుంది. పైగా దర్జీకి ముందే తెలుసన్నమాట. రోజూ ఎదురుగా కూర్చుని ఒక్క మాట అనలేదు. తనను ఎక్కడ పడెయ్యాలో తనకు తప్ప అందరికీ తెలుసు. ఆవిడ కిక్కురుమనకుండా గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. ఒప్పేసుకుందనుకుని మాస్టారు ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. మర్నాడే ఇల్లు మారడం. తిళ్ళయ్యాక కాజాలక్క మాస్టారి కొత్త చొక్కా తెచ్చి మధ్యలో పరిచింది. దాని కాజాలు ఆవిడ కుట్టినవే.

"ఇవాళ నా వంతు. గుండీలెన్నిరా?"

"ఆరు."

"కాజాలు?"

"ఆరు."

"ఆరులోంచి ఆరు తీస్తే?"

"సున్నా. ఏమీ మిగలదు."

ఆవిడ తాపీగా గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. రెండో గుండీ మొదటి కాజాలో, మూడోది రెండో కాజాలో, అలా కిందిదాకా పెట్టింది. చొక్కా మెడ ఒక పక్కకు ఎగిరి కూర్చుంది.

"పైన గుండీ మిగిలింది. కింద కాజా మిగిలింది. ఏమీ మిగలదన్నావుగా?"

మాస్టారు పకపకా నవ్వాడు. "ఇది లెక్క తప్పు కాదక్కా, పెట్టినవాళ్ళ తప్పు. మొదటిదాన్ని వదిలేసి రెండోదాంతో మొదలుపెడితే కిందిదాకా అంతా వంకరే."

"మళ్ళీ చెప్పు."

"మొదటిదాన్ని వదిలేసి..." అని ఆగిపోయాడు.

"ఆగావేం? ఈ ఇంట్లో మొదట పుట్టిందెవరురా?"

చొక్కా కిందున్న ఖాళీ కాజా మీద వేలుపెట్టి "ఇదేంటి?" అని అడిగింది. "మూడో గది" అంది పెద్ద మరదలు, చిన్నగా.

మాస్టారి మొహం కందగడ్డయింది. "ఓహో, నలుగురిలో నా పరువు తియ్యడానికి చొక్కా పట్టుకొచ్చావా? మరి ట్యూషన్ ఎక్కడ చెప్పుకోను, నీ నెత్తి మీదా?"

"హాల్లో చెప్పుకో."

"ఈవిడతో మనం ఇంకెన్నాళ్ళండీ?" అంది చిన్న మరదలు, మొహం మీదే.

"నేను పోయేదాకా. ఓపిక తెచ్చుకో" అంది కాజాలక్క. "ఓడినవాళ్ళు అంట్లు తోమాలి కదరా" అని తమ్ముడితో అని, చేతులు దులుపుకుని వెళ్ళి పడుకుంది.

మూడో గది ఆవిడదే అయింది. ప్రేమతో ఇచ్చారనుకునేరు. సామాన్ల బండిలో పెద్దవాడు ముందుగా అక్క పెట్టె ఎక్కించి, "ఇది ఆ గదిలో దించాకే మిగతావి దిగుతాయి" అని అడ్డంగా నిలబడ్డాడు కాబట్టి అయింది. ఆ వారమంతా మాస్టారు ఆవిడతో మాట్లాడలేదు. హాల్లో పిల్లలకు ఎక్కాలు చెబుతూ కావాలనే గొంతు చించుకునేవాడు. ఆవిడ మాత్రం తక్కువ తిందా? తలుపు కొంచెం తీసి, "ఏడెనిమిదులు యాభై ఆరే, మాకూ తెలుసు. నెమ్మదిగా ఏడువు" అని మళ్ళీ వేసుకునేది.

తర్వాతి ఆదివారం రెండూ రెండూ ఎంతని ఎవరూ అడగలేదు. మాస్టారు తడి చేతులతో కంచాలు పట్టుకొచ్చాడు. "ఒకటి" అని పళ్ళు కొరుకుతూ మొదటిది అక్క ముందు విసిరినట్టు పెట్టాడు. తర్వాతే "రెండు" అని అన్న ముందు పెట్టాడు. కాజాలక్క ఆ కంచం చేతిలోకి తీసుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసింది.

"సరిగ్గా తోమలేదు" అంది.