అర్జీల మేస్త్రీ

జెద్దాలో మా గదిలో ఉండిన మేస్త్రీని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు విసుగే వస్తుంది. నిజామాబాద్ వైపు మనిషి. బానిసత్వాన్ని రద్దు చేయాలని పోరాడిన పాతకాలపు అమెరికా నాయకుడొకరి జీవితకథ ఆయనకు కంఠతా వచ్చు. ఆ నాయకుడు సభలో బానిసల అర్జీలు చదవబోతే నోరు మూయించేవారట. మర్నాడు మళ్లీ లేచేవాడట. అన్నం ముందు కూర్చున్నా మాకదే కథ.

స్థానికులను తగినంతమందిని పెట్టుకోని కంపెనీలను పట్టే నితాఖత్ చట్టం సౌదీలో వచ్చి మా కంపెనీ ఎర్ర కేటగిరీలో పడింది. గడువులోగా దేశం దాటకపోతే జైలే. మా గదిలోని పన్నెండు మంది పాస్‌పోర్టులూ మాకు వీసాలిచ్చిన యజమాని కఫీల్ బీరువాలో ఉన్నాయి. వాటిని ఇప్పించమని మేస్త్రీ అందరి పేర్లతో లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టాడు. తీసుకోలేదు. "ఇంకోపారి రాద్దాం" అన్నాడు. అలా ఎనిమిదిసార్లు.

చివరికి కఫీల్ మనిషి వచ్చి, మేస్త్రీ పాస్‌పోర్టు ఒక్కటే ఇచ్చి, నోరు మూసుకుని వెళ్లిపొమ్మన్నాడు. ఈయన దాన్ని తిరిగిచ్చేశాడు!

"పిచ్చా అన్నా నీకు? వదినకు పానం బాగలేదంటివి గదా!" అని అరిచాను.

"ఆ అమెరికాయన బానిస గాదు తమ్మీ. ఆయనకేం పడ్డది? అయినా లేస్తుండె. అర్జీల పన్నెండు పేర్లున్నయి."

తొమ్మిదో అర్జీ తీసుకున్నారు. మా పదకొండు పాస్‌పోర్టులూ వచ్చాయి. ఆయనది మాత్రం కఫీల్ పగబట్టి ఆపాడు. గడువు దాటింది. దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే తర్హీల్ జైల్లో నాలుగు నెలలు ఉండి ఇల్లు చేరాడు.

చూడటానికి వెళ్తే గుమ్మంలోనే అడిగాడు: "అందరు మంచిగున్నరా? ఎవలన్న నన్ను యాది జేస్తున్నరా?"

పదకొండు మందిలో వెళ్లింది నేనొక్కణ్ణే.

"అందరు నిన్నే అడుగుతున్నరన్నా" అన్నాను.