మేనత్త పేరు పంపిన రోజు

ఉత్తరం కోసం పోస్టుమాన్ దారి చూసే అలవాటు పోకముందే, ఉత్తరమున్న చోటికి మనమే నడిచిపోయే రోజులొచ్చాయి. నాకప్పుడు ఇరవై ఏళ్లు, చదువు ఐదుతో ఆఖరు. కాపురం ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో. భద్రాచలం హాస్టల్లో ఉన్న మా చెల్లి నర్సింగ్ సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. పిలుపు ఈమెయిల్లో వస్తుందట. "అక్కా, నీకు మరుపన్నది లేదు గదా, వారం వారం చూపియ్యి" అని పాస్‌వర్డ్ నాకప్పగించింది.

ఒక శుక్రవారం ఇంటర్నెట్ షాపు భాయి చెవిలో పాస్‌వర్డ్ చెప్పి మెయిల్ తెరిపించాను. అతను నమాజుకు పోతూ తన భార్యను, అదే మా భాబీని, కూర్చోబెట్టాడు. ఆమె కొత్తగా వచ్చిన ఒక ఉత్తరం చదివి, "అయ్యో అక్కా, ఇయ్యాల్నే మీ మెయిల్ బంద్ చేస్తరంట! జల్దీ పేరు, పాస్‌వర్డ్ పంపాలంట" అంది. మెయిల్ మూసేస్తే పిలుపెక్కడికొస్తుంది? చెల్లి సీటు నా చేతుల్లోనే పోతుందే! "పంపు భాబీ, పంపు!" అన్నాను. "మరి పాస్‌వర్డ్ ఏంది?" అని గట్టిగా అడిగింది. వెనక బెంచీ మీద నలుగురు మగవాళ్లు.

నా పుట్టిల్లు అడవి అంచు ఊళ్లో. తొలకరికి పుట్టగొడుగులు ఎక్కడ లేచాయని ఎవరడిగినా, తూర్పున దొరికినవాటికి పడమర చూపిస్తాం. అది అబద్ధం కాదు, పెంపకం. ఆ నలుగురి చెవులు చూడగానే నా నోరు దానంతటదే పడమరకు తిరిగింది. అసలు పాస్‌వర్డ్ మా బర్రె పేరు. నేను చెప్పింది మేనత్త పేరు. (బర్రె పేరు ఇప్పటికీ చెప్పను.) మెల్లగా చెవిలో సరిచేద్దామనుకునేలోగా భాబీ పంపేసింది.

భాయి తిరిగొచ్చేసరికి నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. "మెయిలోళ్లకు తప్పు చెప్పిన భాయ్, మా చెల్లి సీటు పాయె!"

అతను చదివి నెత్తి కొట్టుకున్నాడు. "వాళ్లు మెయిలోళ్లు కాదక్కా, దొంగలు! ఇల్లు కిరాయికిచ్చినోడు నీ సందూకు తాళంచెవి అడుగుతడా? గిట్ల తొందరపెట్టి అడిగితే అసలే ఇయ్యొద్దు. తప్పు చెప్పి మంచిగ చేసినవ్." భాబీ వైపు తిరిగి, "ఇంటర్ చదివినవ్ గదా!" అన్నాడు.

"ఆహా, నువ్ నేర్పినవ్, నేను మర్చిపోయిన!" అందామె.

మేనత్త పేరుతో ఆ దొంగలు ఎంతసేపు తంటాలు పడ్డారో. (ఆమె ఎవరికీ తేలిగ్గా లొంగే మనిషి కాదు.)

మూడో వారం పిలుపొచ్చింది. కాగితం తీయించుకుని భద్రాచలం బస్సెక్కాను. ఇంగ్లీషు ఒక్క ముక్క చదవడం రాకపోయినా దారంతా విప్పి చూస్తూనే ఉన్నాను. పక్క సీటు పెద్దమ్మ, "బిడ్డా, తలకిందులు పట్టుకున్నవ్" అంది. అప్పటి నన్ను, ఆ ఇరవై ఏళ్ల పిల్లను తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. సిగ్గుపడి కాగితం తిప్పి పట్టుకుంది. అటునుంచి కూడా అంతే అందంగా ఉంది.