స్రవంతి ఆదివారాలు

ఒక్క మాట. అబద్ధం కూడా కాదనుకున్న మాట. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నానని చాలాకాలం నాకే తెలియలేదు. తప్పు చేశానని ఒప్పుకుంటే కదా బరువు తెలిసేది! నేను చేసింది తప్పే కాదని, స్నేహితురాలికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని నాకు నేనే చెప్పుకుంటూ, అప్పుడప్పుడూ కాస్త గర్వపడుతూ కూడా బతికాను. మొన్న శనివారం దాకా.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఆ అమ్మాయి పేరు మార్చాను, స్రవంతి అంటాను. మా ఇంటి ఓనరు ఆంటీని ఆంటీ అంటే చాలు. ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్న ఏ ఆడపిల్లను అడిగినా, తనకు తెలిసిన ఆంటీ గురించి ఒక కథ చెబుతుంది.

నాది ప్రొద్దుటూరు. స్రవంతిది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఒకే కాలేజీ, ఒకే కోర్సు, ఆంటీ బేస్‌మెంట్‌లో ఒకే గది. చేరిన రోజే ఆంటీ మా ఇద్దరి అమ్మల నంబర్లు తన ఫోన్‌లో ఎక్కించుకుంది. ఇక్కడ మీకు అమ్మా నాన్నా నేనే అంది. అప్పుడు మాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొత్త దేశం, కొత్త చలి, ఆ మాట ఎవరన్నా తిరుగుతాయి.

మా జీవితం ఇంతే. క్లాసులు, బస్సులు, పార్ట్ టైమ్. నేను మిఠాయి కొట్లో డబ్బాలు కట్టేదాన్ని, తను కాఫీ షాపులో కౌంటర్ దగ్గర నిలబడేది. ఒకరోజు నేను పప్పు, ఒకరోజు తను గుడ్ల పులుసు. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు, వెనక గోడ బాగుండే మూల చూసి కూర్చునేవాళ్లం. ఇక సరదా అంటారా? తలకు నూనె పెట్టుకోవడం, మాల్‌లో ఏమీ కొనకుండా తిరిగి రావడం. ఆదివారం బట్టలుతుక్కోవడానికి ఆంటీ అనుమతి ఉండేది కాబట్టి, మా ఆదివారం పేరు లాండ్రీ.

స్రవంతి దాన్ని ఒప్పుకోలేదు. ఆదివారం షిఫ్టు వేస్తామంటే వద్దని చెప్పేసింది. ఆ ఒక్కరోజు నాది అంది. డిసెంబరులో ఒక ఆదివారం ఊరికే బస్సెక్కి డౌన్‌టౌన్‌లో దిగితే, పార్కులో నీళ్లు గడ్డకట్టించి చేసిన స్కేటింగ్ రింకు కనిపించిందట. ఎవరైనా రావచ్చు, టికెట్టు లేదు. కంచె పట్టుకుని చాలాసేపు చూసిందట. తర్వాతి వారం పాత సామాన్ల దుకాణంలో ఒక జత స్కేట్లు సంపాదించింది. అవి బియ్యం మూట వెనక ఉండేవి. ఇంట్లో చెప్పలేదు. చదువుకోవడానికి పంపాను గానీ ఆడుకోవడానికి కాదు అనే రకం వాళ్ల నాన్న. ఆంటీకి తెలిస్తే అమ్మకు తెలుస్తుంది, అమ్మకు తెలిస్తే నాన్నకు తెలుస్తుంది. అందుకని ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఇక్కడ నాకు ఒళ్లు మండుతుంది. పక్కింటి బేస్‌మెంట్‌లో మన అబ్బాయిలే ఐదుగురు ఉండేవాళ్లు. ఎండాకాలమంతా ఆదివారాలు క్రికెట్టు. చలికాలమంతా వీడియో గేములు, ఆ అరుపులు మా గదిలోకి వినబడేవి. వాళ్లను చూసి ఆంటీ ఏమనేదో తెలుసా? పాపం పిల్లలు, వారమంతా కష్టపడతారు, కాస్త రిలాక్స్ అవ్వొద్దా అనేది. మిరపకాయ బజ్జీలు వేసి పంపేది. ఆ ప్లేటు పట్టుకెళ్లి ఇచ్చేది నేనే. మగపిల్లాడు ఆడుకుంటే అలసట తీర్చుకోవడం, ఆడపిల్ల ఆడుకుంటే దారి తప్పడం. సముద్రాలు దాటి వచ్చినా ఈ కొలత మాత్రం ఊళ్లో మిగిలిపోకుండా అందరి సూట్‌కేసుల్లోనూ భద్రంగా వచ్చేసింది. నా సూట్‌కేసులో కూడా వచ్చింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

నాకు సెలవు దొరికిన ఒక ఆదివారం నన్నూ లాక్కుపోయింది. "నువ్వు గూడ రావే, మస్తుంటది" అని. అద్దె స్కేట్లు కట్టుకుని నేను కంచె వదల్లేదు. తనకు అక్కడ ఒక ముసలావిడ స్నేహమైంది, ఏ దేశమావిడో తెలియదు. ఎలా పడితే దెబ్బ తగలదో తనకు నేర్పింది ఆవిడే. స్రవంతి పడుతుంది, లేస్తుంది, నవ్వుతుంది. నేను ఒక్కసారి కంచె వదిలాను, వెల్లకిలా పడ్డాను. స్రవంతి పడీ పడీ నవ్వింది. వచ్చి చెయ్యి అందించింది. అయినా ఆ నవ్వు మీద నాకు కోపం వచ్చింది. తను పడ్డప్పుడు అంతకన్నా ఎక్కువే నవ్వుకుందని నాకు గుర్తు రాలేదా? వచ్చింది. అయినా కోపం పోలేదు.

అది కోపం కాదు, అసూయ. ఆ మాట రాయడానికి ఇంతసేపు పట్టింది. ఆదివారం సాయంత్రం నేను నెయ్యి కంపు కొడుతూ పని నుంచి వచ్చేసరికి, తను మోకాళ్ల దగ్గర తడిసిన జీన్స్‌తో, ఎర్రబడ్డ బుగ్గలతో, రెండుసార్లు అన్నం వడ్డించుకుని కూనిరాగం తీస్తూ ఉండేది. నాకు లేని ఆదివారం దీనికెందుకు అనిపించేది. నా ఆదివారాన్ని ఎవరూ లాక్కోలేదు. ఆదివారం షిఫ్టు నేనే అడిగి వేయించుకున్నాను. తను వద్దన్న చోట నేను సరేనన్నాను, అంతే తేడా. అయినా కష్టపడేదాన్ని నేను, సుఖపడేది తను అని లోపల ఒక లెక్క కట్టుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా కొట్టు మూసి ఉంటే నేను ఇంట్లోనే ఉన్నాను. డ్రయర్ లోంచి బట్టలు తీసి మడతపెడుతున్నాను. ఆంటీ మెట్లు దిగి వచ్చింది.

"ఏమ్మా, ఆ పిల్ల ఆదివారం ఆదివారం ఎక్కడికెళ్తుంది? షిఫ్టు లేదంటగా?"

"ఏమో ఆంటీ."

"ఏమో అంటావేంటి, ఒకే రూములో ఉంటారు. ఎవడన్నా ఉన్నాడా?"

నేను టవల్ మడతపెడుతున్నాను.

"చూడమ్మా, నాకూ ఆడపిల్ల ఉంది. ఎవడూ లేడు ఆంటీ అని నువ్వొక్క మాట చెప్పు, నేనింక అడగను. వాళ్లమ్మకి కాల్ కూడా చెయ్యను."

"నాకు తెలీదు ఆంటీ."

"సరేలే. నాకర్థమైందిలే. నిప్పు లేందే పొగ రాదుగా."

ఇంతే. ఇందులో నా తప్పు ఎక్కడుందని అడుగుతారా? నేనూ నన్ను అదే అడుగుతూ వచ్చాను. స్కేటింగ్ సంగతి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, నేను చెప్పలేదు. కానీ ఆంటీ స్కేటింగ్ గురించి అడగలేదే. ఎవడైనా ఉన్నాడా అని అడిగింది. లేడు అంటే ఏ ఒట్టూ తప్పేది కాదు. తలుపు తెరిచి పట్టుకుని, ఒక్క మాట చెప్పమ్మా అని ఆవిడే బతిమాలింది. నేను ఏం చేశాను? తల దించుకున్నాను. చిన్నగా నిట్టూర్చాను. మడతపెట్టిన టవల్‌నే విప్పి మళ్లీ మడతపెట్టాను. మన ఇళ్లలో పుట్టిన ఏ ఆడదాన్నైనా అడగండి, ఒక ఆడపిల్ల గురించి ఇంకో ఆడపిల్లను అడిగినప్పుడు తల దించుకుని తెలీదు అంటే దానర్థం ఏమిటో. తెలుసు గానీ నా నోటితో చెప్పలేను అని. ఆ విద్య నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా వీధి అరుగుల మీద పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే విని నేర్చుకున్నాను. తెలిసే వాడాను.

ఆ సాయంత్రమే ఆంటీ నుంచి వాళ్లమ్మకు ఫోన్ వెళ్లింది. వారం తిరక్కుండా, అమ్మకు ఒంట్లో బాగాలేదని వాళ్ల నాన్న టికెట్టు పంపాడు. కాలేజీకి వారం సెలవులు, ఎలాగూ క్లాసులు పోవు అనుకుని స్రవంతి ఏడుస్తూ బయల్దేరింది. దుప్పటి, రైస్ కుక్కర్, స్కేట్లు అన్నీ వదిలే వెళ్లింది. వచ్చేస్తుంది కదా మరి. ఇంటికి వెళ్లేసరికి వాళ్లమ్మ లక్షణంగా ఉంది. నాన్న పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎవడు వాడు అన్నాడు.

స్రవంతి నిజం చెప్పింది. మంచు మీద జారడం నేర్చుకుంటున్నాను నాన్నా అంది. వింటారా? అంత దూరం పంపితే ఆదివారం పూట మంచు మీద జారుతున్నానంటే ఎవరు నమ్ముతారు? కట్టుకథ చెప్పినా కాస్త నమ్మేలా చెప్పమన్నాడట. నీ గదిలో ఉన్న పిల్లకే తెలియదట కదా అన్నాడట. చూశారా, నా మాట ఎంత దూరం ప్రయాణం చేసిందో.

ఇక్కడితో ఆపేస్తే మీరు నన్ను సగం క్షమించేస్తారు. ఆ సగం నాకొద్దు. ఇంకోటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

స్రవంతి వాళ్లమ్మ ఫోన్ నుంచి నాకు కాల్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. ముందు నాకు థ్యాంక్స్ చెప్పింది! నువ్వు మాట నిలబెట్టుకున్నావు, ఎంత అడిగినా చెప్పలేదు అంది. నేను ఊఁ అన్నాను. ఇక దాచొద్దు, నువ్వు చూశావు కదా, నాన్నకు ఒక్కసారి ఫోన్ చేసి నేను ఎక్కడికి వెళ్లేదాన్నో చెప్పు, నువ్వు చెబితే నమ్ముతాడు అని బతిమాలింది. ఇంకా రెండు వారాల్లో వచ్చేస్తే సెమిస్టర్ దక్కుతుంది అంది. నంబరు పంపింది. సరే అన్నాను. తప్పకుండా చేస్తాను అన్నాను.

చేయలేదు.

ఒట్టు తనే తీసేసిన తర్వాత కూడా చేయలేదు. ఎందుకు? ఫోన్ చేస్తే ఆయన ఆంటీని అడుగుతాడు, ఆంటీ నన్ను అడుగుతుంది, మరి ఆ రోజు తెలీదన్నావేం అని. అప్పటికి ఆంటీకి నేను బంగారం లాంటి పిల్లనైపోయాను. పైనుంచి గోంగూర పచ్చడి వచ్చేది, ఆదివారం చికెన్ కూర వచ్చేది. గదంతా నాదే. స్రవంతి రెండుసార్లు మళ్లీ కాల్ చేసింది, ఎత్తలేదు. ఆ తర్వాత చేయలేదు. సెమిస్టర్ పోయింది, కాలేజీ పోయింది, వీసా పోయింది. నేను మాత్రం చదువు పూర్తి చేశాను, ఉద్యోగం సంపాదించాను, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకున్నాను, పెళ్లి చేసుకుని ఓక్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్నాను. స్రవంతి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోందని ఎవరి ద్వారానో విన్నాను. తనకు ఏం తెలుసో, నా గురించి ఏమనుకుంటోందో తెలియదు. తెలుసుకునే ధైర్యం లేదు.

మొన్న శనివారం మన తెలుగువాళ్ల పిక్నిక్ జరిగింది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లను కూర్చోబెట్టుకుని ఆంటీ మాట్లాడుతోంది. మా బేస్‌మెంట్‌లో ఒక పిల్ల చేజారిపోబోతే టైముకి కనిపెట్టి వాళ్ల అమ్మానాన్నల పరువు కాపాడాను అని. అక్కడితో ఊరుకోలేదు. కావాలంటే ఈ అమ్మాయిని అడగండి, ఒకే రూములో ఉండేది అని నన్ను చూపించింది. అందరూ నా వైపు తిరిగారు. మళ్లీ ఒక అవకాశం. నేను నవ్వాను. పేపర్ ప్లేటులో పులిహోర కెలుకుతూ, అవునన్నట్టూ కాదన్నట్టూ కాకుండా నవ్వాను.

కారెక్కేదాకా ఆంటీ మీద ఉడికిపోయాను. ఎంత పొగరు, ఎంత ధీమా, ఒక పిల్ల బతుకు తీసి పక్కన పెట్టి దాన్ని కథలా చెప్పుకోవడం! తిట్టుకుంటూ తిట్టుకుంటూ సగం దారిలో ఆగిపోయాను. ఆవిడ నమ్మింది చేసింది. పొరపాటైనా నమ్మి చేసింది. చేసేముందు నన్ను అడిగింది. నిజం తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది, అది నేను. ఆవిడ మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు లేకుండా చేసుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఫోన్ సంగతి మింగేసి, టవల్ దాకానే చెప్పాను, చూశారా. "నువ్వేం అబద్ధం చెప్పలేదుగా, చిన్నపిల్లవి అప్పుడు, వదిలెయ్" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఎంత సులువుగా వదిలేస్తారో మనవాళ్లు! మంచు మీద జారినందుకు ఒక పిల్లను వదల్లేదు కదా ఎవరూ.

మీరు కూడా ఆ మాట అనకండి. ఓదార్పు కోసం రాయడం లేదు. ఆ రోజు ఆంటీ అడిగిన ఆ ఒక్క మాట నేను బాకీ ఉన్నాను. ఆంటీకి కాదు, స్రవంతికి. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను. ఎవడూ లేడు. ఆ అమ్మాయి ఆదివారాలు స్కేటింగ్‌కి వెళ్లేది. నేను వెళ్లి చూశాను, నాకు తెలుసు.

ఇన్నేళ్లకు చెప్పడం వల్ల స్రవంతికి ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం ఊపిరాడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.