అవ్వ నన్ను సారూ అన్న రోజు

తెరను వేళ్లతో తాకి కంప్యూటర్ నడపడం మా కరీంనగర్ వైపు ఇంకా వింతగా ఉన్న రోజులవి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, కొత్త ఉద్యోగం, మెడలో టై (ముడి వేయడం రాక, విప్పకుండానే తలమీదుగా తీసి కొక్కేనికి తగిలించేవాణ్ని). చీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌ను, బల్లంత టచ్ స్క్రీన్‌ను వెంటబెట్టుకుని మేనేజర్ సారూ నేనూ సిరిసిల్ల నేత సంఘానికి వెళ్లాల్సి వచ్చింది. సిరిసిల్ల మా ఊరే. మా అవ్వ, అంటే మా అమ్మ, అక్కడే మరమగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టేది. ఆఫీసులో మాత్రం మాది బట్టల వ్యాపారమని చెప్పి ఉన్నాను. అందుకే ముందురోజు ఫోన్ చేసి, "అవ్వా, రేపు అందరి ముందర నన్ను కొడుకా అనకు. ఆఫీసు పద్ధతి గట్లనే ఉంటది" అన్నాను. "మరి ఏమనాలె బిడ్డా?" అంది. "సారూ అను" అన్నాను.

హాలు నిండా నేతపనివాళ్లు. అవ్వ రెండో వరసలో కూర్చుంది. "రెండు వేళ్లు ఆనించి దూరం జరిపితే బొమ్మ పెద్దదవుతుంది" అని చెప్పి, చీర అంచు మీది నెమలిని తాకాను. భయానికి నా చేతులకు చెమట పట్టి ఉంది. నెమలి ముందు చీమంత అయింది, తర్వాత తలకిందులైంది, ఆ పైన గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజర్ సారు ముఖం మాడిపోయింది. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

అవ్వ లేచి వచ్చింది. "సారూ, జర చేతులు ఇటియ్యుండ్రి" అని నా చేతులు కొంగుతో తుడిచింది. తెర కూడా తుడిచింది. "ఇగ తిప్పుండ్రి సారూ." నెమలి బుద్ధిగా పెద్దదైంది.

మేనేజర్ సారు ఊపిరి పీల్చుకుని, "నువ్వు కూడా చూడమ్మా" అన్నాడు. తెగిన దారాలు అతికే ఆ వేళ్లు ఎంత తేలిగ్గా తెరకు ఆనాయో, నెమలి అంత తేలిగ్గా ఈక ఈకా విప్పుకుంది. ఆయన ముచ్చటపడి, "పిల్లలేం చేస్తారమ్మా?" అని అడిగాడు. అవ్వ నా వైపు చూడలేదు. "ఒక్కడే కొడుకు సార్. కరీంనగర్ల నౌకరి చేస్తుండు. మంచోడు."

ఆ చివరి మాట విని నేను అవ్వ పక్కకు వెళ్లి నిలబడ్డాను. "ఈమె మా అవ్వ సార్" అన్నాను.

"మరి నిన్ను సారూ అంటుందేం?"

"ఆఫీసు పద్ధతంట గద సార్, మావోడే చెప్పిండు" అంది అవ్వ, ఎంతో మర్యాదగా. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఉద్యోగం పోలేదు. ఆ మధ్యాహ్నం మేనేజర్ సారు మా ఇంట్లో జొన్నరొట్టె తిని, ఇంకోటి అడిగి మరీ వేయించుకున్నాడు. నలభైకి దగ్గరపడ్డ నాకు ఇప్పుడో కొత్త జబ్బు. అవ్వతో ఎక్కడికి వెళ్లినా, ఎవరు అడిగినా అడగకపోయినా "మా అవ్వ" అని చెప్పేస్తాను. మొన్న కొండగట్టు బస్సులో కండక్టరుకు కూడా చెప్పాను.

"ఆయన టికెట్టే అడిగిండు గదరా" అంది అవ్వ.