మేనత్త కూర్చుంటే ఆగిన కప్పు

నిన్న సాయంత్రం టీవీలో ఈదురుగాలులు వస్తాయి, రేకుల ఇళ్లవాళ్లు జాగ్రత్త అని చెప్పారు. మేడ్చల్‌లో మేముండేది స్లాబు ఇల్లే. అయినా నా చూపు పైకే పోయింది. మా ఆయన నవ్వాడు. నవ్వడా మరి, ఆయన పుట్టిందే స్లాబు కింద.

తొంభైలలో మాది శామీర్‌పేట దగ్గర చేన్ల అంచున రెండు గదుల మట్టిగోడల ఇల్లు. కోతులు పెంకులు పీకి పారేస్తున్నాయని నాయిన సిమెంటు రేకులు వేయించాడు. కోతుల బాధ పోయి గాలి బాధ మొదలైంది. ఎండాకాలం చివర, వాన కంటే ముందు గాలిదుమారం వస్తుంది చూడండి, అది చూరు కిందికి దూరి కప్పును కుండమూత ఎత్తినట్టు ఎత్తేది. అందరిలాగే మేమూ రేకుల మీద బండరాళ్లు పెట్టాం. ఒకసారి రేకు పగిలి ఒక రాయి సరిగ్గా చల్లకుండ మీదికి దిగింది. చల్లే కదా పోయిందని నాయిన అన్నాడు. పిల్లలు పడుకునేది అక్కడేనని అమ్మ రాళ్లన్నీ దింపించింది. అప్పుడు నాయిన నడిమి దూలానికి మోకు కట్టి, చివర ఉయ్యాలలా ముడి వేశాడు. గాలి వస్తే ఎవరో ఒకరు అందులో కూర్చుని కప్పును కిందికి పట్టి ఉంచాలి.

ఆ ఏడే మా మేనత్త, అంటే నాయిన అక్క, అత్తగారింట్లో కొట్లాడి మా ఇంటికి వచ్చింది. మంచి ఒళ్లున్న మనిషి. కూర్చుని తింటున్నదని అమ్మ పక్కింట్లో అన్న మాట ఆమె చెవిన పడింది. ఇద్దరికీ మాటలు బంద్. ఉప్పు కావాలన్నా నడుమ నేనే. పొద్దున్నే పోతానని మేనత్త బట్టలు మూటగట్టిన సాయంత్రమే గాలి లేచింది. నాయిన చేపలకని చెరువుకు పోయాడు. అమ్మ మోకులో కూర్చుంది. బక్క మనిషి, దూలం లేచినప్పుడల్లా ఆమె కాళ్లు నేల విడుస్తున్నాయి. నేను ఆమె నడుం పట్టుకుని వేలాడాను గానీ నా బరువు గాలికి ఒక లెక్కే కాదు. గోడల మట్టి రాలుతోంది. ఆ కప్పు పోతే వానాకాలం ఎక్కడ తలదాచుకుంటామో మాకు తెలియదు.

"వదినా, జర నువ్వు కూసోరాదు" అంది అమ్మ.

మేనత్త వచ్చి అమ్మను లేపి, కుచ్చిళ్లు సర్దుకుని తీరిగ్గా కూర్చుంది. దూలం కిర్రుమని గోడ మీదికి దిగింది.

"కూసోని తింటున్ననంటివి గద పిల్లా. సూడు, నేను కూసుంటెనే నీ ఇల్లు నిలవడ్డది."

అమ్మకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు రేకులు పగుళ్లిచ్చాయి గానీ కప్పు పోలేదు. పొద్దున అమ్మే మూట విప్పి ఆ బట్టలు దండెం మీద వేసింది. "ఇంక గాలులు ఒడువలే వదినా. ఎటు వోతవ్" అంది.

గాలులు అయిపోయాయి, వానలూ చలీ అయిపోయాయి, మేనత్త పోలేదు. రెండువేల సంవత్సరం దాటాక మట్టిగోడలు తీసి ఇటుక గోడల మీద స్లాబు పోశాం. పాత కప్పు దింపేముందు మోకు విప్పుతుంటే, ఇక గాలికి తనతో పని లేదని ఆమె నవ్వింది. ఆ పూట అమ్మ ఆమె కంచంలో అన్నం కొంచెం ఎక్కువ పెట్టింది. ఇప్పుడు మేనత్త లేదు. ఆ ఇల్లు గట్టిగానే ఉంది, ఏ గాలికీ కదలదు. ఒక మనిషి ఇంటిని ఎంత పట్టుకుని ఉందో కాలం ఆ మనిషి పోయాకే, అదీ నిదానంగా చెబుతుంది.